హైరతాన్ వరుస

ఖౌస్ నెల 22

నది అవతలి నుండి హైరతాన్‌కు వచ్చిన రైలు మధ్యాహ్నానికి ముందే ఖాళీ అయింది. గాలి ఉత్తరపు గాలి. కల్దార్ మలుపు దగ్గర ఇసుక రోడ్డును సగం మింగివేసిందని తెలియగానే, పారలు పట్టిన మనుషులను ముందు పంపి, దారి తేలిందని వారు కబురు చేసిన తరువాతనే లారీలను వదిలాను. ఒక్క చక్రమూ ఇసుకలో దిగబడలేదు. ఈ శీతకాలం మొదలైనప్పటి నుండి ఏ కంటెయినరూ వరుస తప్పి నా గేటు దాటలేదు. ఈ మాటను గర్వంతోనే రాస్తున్నాను. గర్వించదగిన సంగతిని వినయంగా రాయడం కూడా ఒక విధమైన అబద్ధమే.

టెర్మినల్ పెద్ద రయీస్ సాహెబు ఉదయపు పిలుపు కోసం మైకు కొనిస్తానన్నారు. వరుస రాసి పిలిచే మీర్జాను నేను; అక్కరలేదన్నాను. మెట్టు మీద నిలబడి నోటితో పిలిస్తే పేరు ఆ మనిషిని చేరుతుంది. మైకులో పిలిస్తే ఊరిని చేరుతుంది. ఒక్కొక్క డ్రైవరు పేరు మూడు మార్లు. మూడవ మారుకు కూడా పలకనివాడి సరుకు తరువాతివాడికి పోతుంది. ఇందులో మైకు చేయగల పని ఏమున్నది?

ఈ ఉదయం తాష్‌మురాద్ మూడవ పిలుపుకు గాని పలకలేదు. సగం గడ్డం గీసుకుని, మిగిలిన సగం సబ్బు నురుగుతోనే పరుగెత్తుకొని వచ్చాడు.

“ఉన్నా, ఉన్నా! బతికే ఉన్నా!”

“మొదటిసారికే పలికితే నీ సొమ్మేం పోయింది?”

“నువ్వు పిలుస్తుంటే వినబుద్ధవుతుంది మీర్జా. ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కెవరు? మా అమ్మ ‘ఒరే గాడిదా’తోనే సరిపెడుతుంది.”

యార్డంతా నవ్వింది. పిలుపు మధ్యలో నవ్వడం నా పద్ధతి కాదు గనుక నేను నవ్వలేదు. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్న తరువాత నవ్వాను.

రహీమ్‌దాద్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, పిలవకుండా దాటాను. ఆయన సాలంగ్ కొండ అవతల జబల్ దగ్గర చనిపోయి ఇంకా నలభై రోజులు నిండలేదు. అంతవరకు పేరు వరుసలోనే ఉంటుంది. ఈ యార్డులో పిలవకుండా దాటేది పోయినవారి పేరునే.

లాలాకు, అంటే మా అన్నకు, ఈసారి గాజు పడింది. కాబూల్ కిటికీలకు వెళ్ళే పెద్ద పలకలు. సాలంగ్ కొండ మీదుగా ఇన్నేళ్ళుగా తోలుతున్నా, నా అన్న హైదర్‌కుల్ లారీలో ఇంతవరకు ఒక్క పలక పగలలేదు. గాజు వచ్చిందంటే తక్కిన డ్రైవర్లే “అది ఉస్తాద్‌ది” అని పక్కకు తప్పుకుంటారు. ఈసారి ఎవరూ తప్పుకోనక్కరలేకుండా వరుస కూడా ఆయనదే అయింది.


ఖౌస్ 27

కాబూల్ నుండి తిరిగి వస్తూ లాలా లారీ అద్దం మన గేటు స్తంభానికి తగిలి పగిలింది. కారణాలు:

ఒకటి, ఇసుక గాలి.
రెండు, ఆ స్తంభం దారికి మరీ దగ్గరగా ఉన్నది.
మూడు, గేటు కాపలావాడు ఊపవలసిన చెయ్యి ఊపలేదు.

స్తంభానికి సున్నం వేయించాను.


ఖౌస్ 28

సున్నం చాలదనిపించి ఎర్ర రంగు కూడా వేయించాను.


జదీ 1

నిన్న సాయంత్రం యల్దా, ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి. లాలా ఇంట్లో అందరమూ కూర్చున్నాము. ప్రతి యేడూ ఒలిచినట్లే దానిమ్మలు ఆయనే ఒలిచాడు. గింజలు కొన్ని పళ్ళెంలో పడ్డాయి, కొన్ని దుప్పటి మీద పడ్డాయి. వదిన పుచ్చకాయ తేవాలంటూ నన్ను వంటగదిలోకి పిలిచింది.

“తూర్సున్, చూశావా?”

“దీపం మసకగా ఉంది వదినా.”

“కొత్త బల్బు. నువ్వు తెచ్చిందే.”

“వయసు మీద పడితే ఎవరికైనా...”

“మొన్న సందులో ఒంటెను గుద్దుకున్నాడయ్యా. ఒంటెను! అదేమన్నా సూదా, కనపడకపోడానికి? మళ్ళీ దాన్నే తిట్టాడు, పక్కనుంచి చెప్పకుండా వచ్చిందని.”

నేను పుచ్చకాయ కోశాను.

“ఆయనతో నువ్వే మాట్లాడాలి. నీ మాటయితే వింటాడు.”

లాలా నా మాట విన్న సందర్భాలు: ఈ పట్టికను తరువాత పూర్తి చేస్తాను.


జదీ 5

కొండ మొదట్లో ఉన్న ఖింజాన్ నుండి కాకా మజీద్ ఫోను చేశాడు. మా లారీలు తన చాయ్‌ఖానా దాటగానే నాకు కబురు చేయడం అతని అలవాటు.

“వచ్చేశారు మీర్జా, మీ పెళ్ళివారు.”

“ఏం పెళ్ళి?”

“ముందు మేళం, నడుమ పెళ్ళికొడుకు, వెనకాల మేనమామ. ఈ చలికాలమంతా ఇదే ఊరేగింపు కదా! ముందు తాష్‌మురాద్, నడుమ మీ అన్న, వెనక ఖైరుల్లా. పెళ్ళికొడుకు గడ్డానికి మంచు పట్టింది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు.”

“నేను పంపిన వరుస అది కాదే. ముందు పోయింది ఖైరుల్లా. తాష్‌మురాద్ అందరికన్నా వెనక బయలుదేరాడు.”

అవతల ఎవరికో టీ పోసిన చప్పుడు వినిపించింది.

“పొగమంచులో నేనే సరిగా చూడలేదేమోలే,” అని పెట్టేశాడు.

తన గుమ్మం ముందు నుండి పోయిన మేకను కూడా పొరబడని మనిషి కాకా మజీద్.

నా వరుసను రోడ్డు మీద మారుస్తున్నారు. బరువును బట్టి, ఇరుసులను బట్టి, గొలుసుల నాణ్యతను బట్టి నేను కట్టిన వరుస అది. ఏ లారీ ఏ లారీకి ముందు ఎక్కాలో గాలిని కూడా లెక్కలోకి తీసుకొని నిర్ణయిస్తాను. ఎవరి కోసం మార్చుతున్నారో నాకు తెలియదు.


జదీ 6

గాలి లేదు. రాయవలసినది కూడా ఏమీ లేదు.


జదీ 9

ఇద్దరూ తిరిగి వచ్చారు. టీ పోయించి, తలుపు మూసి, ఎదురుగా కూర్చోబెట్టాను. తాష్‌మురాద్ తుర్క్‌మెన్ టోపీ తీసి మోకాలికి తొడిగి తిప్పుతూ కూర్చున్నాడు. ఖైరుల్లా పంజ్‌షేర్ మనిషి. అడిగితేగాని మాట్లాడడు, అడిగినా తక్కువే.

“నా వరుసను మార్చింది ఎవరు?”

“గేటు దాకా నీ వరుసే మీర్జా,” అన్నాడు తాష్‌మురాద్. “గేటు దాటాక మాది.”

“ఎప్పటినుంచి?”

“మొదటి మంచు పడ్డప్పటినుంచి. ఉస్తాద్‌కి ముందున్నది కనపడుతుంది, పక్కలు కనపడవు. అందుకని నా వెనక లైటుకి ఎర్రగుడ్డ కట్టా. దాన్ని పట్టుకుని వస్తాడు. పక్కకి జరిగితే ఖైరుల్లా వెనకనుంచి హారను కొడతాడు. ఒకటి కొడితే ఎడమకి, రెండు కొడితే కుడికి.”

“ఆయనకు తెలుసా?”

“తెలీదనే అనుకుంటున్నాం.”

నాకు కోపం వచ్చింది. కొండ మీద ఇంత పద్ధతిగా ఒక ఏర్పాటు నడుస్తూ ఉంటే, ఈ యార్డులో ప్రతి బోల్టు ఎక్కడ ఉన్నదో చెప్పగల నాకు తెలియకపోవడం మీద కోపం. వారి మీద కాదు. వారిద్దరి భుజాలు తట్టవలసినది, తట్టలేదు.

“అయితే ఇబ్బంది లేనట్లే కదా?” అన్నాను.

తాష్‌మురాద్ టోపీ తిప్పడం ఆపాడు. జవాబు ఖైరుల్లా చెప్పాడు.

“ఈసారి మినీబస్సు ఒకటి మధ్యలో దూరింది. ఉస్తాద్‌కి ఎర్రలైటు పోయింది. బస్సు లైటు పట్టుకుని నడిచాడు. బస్సోడు టైరు మార్చుకోడానికి లోయ అంచుకి దిగి ఆగాడు. ఉస్తాద్ కూడా వాడి వెనకే దిగబోయాడు. నేను హారను మీంచి చెయ్యి తియ్యలేదు.”

“ఆగాడా?”

“ఆగాడు. బస్సుకీ లారీకీ నడుమ నా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. బస్సులో ఆడవాళ్ళున్నారు.”

ఆ తరువాత ముగ్గురమూ టీ తాగాము. చల్లారిపోయింది.


జదీ 10

చేయదగిన పనులు:

ఒకటి, లాలాతో చెప్పడం.
రెండు, దగ్గరలోని మజార్ వరకే వెళ్ళే తేలిక కంటెయినర్లు ఆయనకు ఇవ్వడం. ఇసుక రోడ్డు చదునుగా ఉంటుంది. కాని వరుసలో వచ్చిన సరుకును మార్చాలి.
మూడు, ఆయన లారీలో ఏదో లోపం చూపి నిలిపివేయడం.
నాలుగు, మరొక మారు చెప్పడానికి ప్రయత్నించడం.

ఒకటవదీ నాలుగవదీ ఒకటే అని ఇప్పుడు గమనించాను.

నాన్న పోయిన తరువాత నన్ను ఈ యార్డుకు తీసుకొని వచ్చినది లాలాయే. ఆయనకు అక్షరం రాదు. వాగన్ల మీది రష్యన్ అక్షరాలు నాకు అందవని నన్ను భుజాల మీద నిలబెట్టుకునేవాడు. నేను వేలితో ఒక్కొక్క అక్షరమూ దిద్ది, ఎవరినో ఒకరిని అడిగి, దాని పేరు చెప్పేవాడిని. “ఇంకోటి?” అనేవాడు లాలా కింద నుండి. నా బడి అంతే. ఆ బడిలో నాకు మించిన విద్యార్థి లేడు, అంతకు మించిన బెంచీ లేదు.

ఆయనతో ఏమని చెప్పాలి?


జదీ 12

పొరపాటు చేశాను. చేసినది చేసినట్లుగా రాస్తున్నాను.

ఉదయం పిలుపులో నాలుగవ పేరు లాలాది. గాజు వచ్చింది; వరుస ఆయనది. నేను ఐదవ పేరు పిలిచాను. తరువాత మాట్లాడి, బ్రేకులు చూపించాలనో మరొకటనో సర్దిచెప్పవచ్చునని అనుకున్నాను. ఐదవవాడైన ఖైరుల్లా పలకలేదు. రెండవ మారు పిలిచాను. పలకలేదు. యార్డులో గొలుసుల చప్పుడు ఆగిపోయింది. అందరూ రహీమ్‌దాద్ పేరు దగ్గర నిలబడినట్లు నిలబడ్డారు.

లాలా లారీల మధ్య నుండి నడిచి వచ్చి మెట్టు కింద ఆగాడు.

“నేను చచ్చానా?”

“లాలా, నీ లారీ బ్రేకులు ఒకసారి...”

“నేను చచ్చానా అని అడుగుతున్నా. మీ వదినకి ఇంకా చెప్పలేదు, పోయి చెప్పాలి కదా! నాలుగో పేరు ఎవడిదిరా?”

“నీదే.”

“మరి?”

“కొండ మీద మంచు ఎక్కువగా ఉందని...”

“కొండ గురించి నువ్వు నాకు చెప్తున్నావు. తూర్సున్, నువ్వెప్పుడన్నా ఆ కొండ ఎక్కావా?”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఇరవై ఏళ్ళుగా లారీలను పంపుతున్న కొండను నేను చూడలేదన్న సంగతి అందరికీ తెలుసు; అయితే ఎవరూ ఇంతవరకు పైకి అనలేదు. దాని మలుపులన్నీ నాకు నోటికి వచ్చు. రోడ్డు మీద మంచు పడకుండా కప్పిన ఏ గేలరీలో ఏ స్తంభం విరిగినదో చెప్పగలను. డ్రైవర్లు చెప్పగా విని, పటం కూడా గీసి గోడకు తగిలించాను. కాని ఎక్కలేదు.

మెట్టు మీద నిలబడి, గొంతు సవరించుకొని, “హైదర్‌కుల్!” అని పిలిచాను.

“ఉన్నా,” అన్నాడు లాలా. అంత దగ్గర నుండి పలకవలసిన దానికంటె గట్టిగా.

గాజు ఎక్కించిన తరువాత ఆయన తలుపు తెరిచి పట్టుకొని నా వైపు చూశాడు. “ఎక్కు. గీసుకున్న కొండ చాలు, ఇంక అసలుది చూద్దువు గాని.”

పిలుపు బాధ్యతను రయీస్ సాహెబుకు అప్పగించి ఎక్కాను.


జదీ 14, కాబూల్ సరాయిలో

చేతికి వేడి తగులుతోంది గనుక రాయగలుగుతున్నాను. జరిగినదంతా రాయాలి.

కల్దార్ దగ్గర ఇసుక రోడ్డుకు అడ్డంగా పాకుతూ ఉండగా లాలా ఒక చేత్తో తోలుతూ మరొక చేత్తో ఎండు మల్బరీలు నోట్లో వేసుకున్నాడు. “ఇక్కడ కళ్ళెందుకు, పిరుదులతో తోలొచ్చు. ఇసుక మెత్తగా తగిలితే చెప్తాయి.” నిజమే. రోడ్డు అంచు తప్పిన ప్రతి చోటా చక్రం కంటె ముందే ఆయన నడుము పక్కకు ఒరిగింది.

దారిలో రాత్రి ఆగిన పుల్-ఎ-ఖుమ్రీలో ఉదయం డీజిలు గడ్డకట్టింది. ట్యాంకు కింద పెనం పెట్టి, అందులో నూనె గుడ్డలు వెలిగించారు. నేను కూడా ఊదాను. అట్లా చేయకూడదని మా యార్డు గోడ మీద నేనే రాసిపెట్టాను. మరొక దారి లేదు. తిరిగి వెళ్ళిన తరువాత ఆ రాతను చెరిపివేస్తాను.

ఖింజాన్‌లో గొలుసులు తొడిగాము. కాకా మజీద్ నన్ను చూసి గ్లాసు జారవిడిచాడు. “పెళ్ళికొడుకు తమ్ముడు కూడా దిగాడే!” అని మాత్రం అన్నాడు.

తరువాత కొండ.

నా పటంలో అది వేలెడంత. అది వేలెడంత కాదు. తల ఎత్తి చూస్తే మా రోడ్డు మా నెత్తి మీదనే మళ్ళీ కనపడుతుంది. దాని మీద చీమ వలె ఒక లారీ, దాని పైన మళ్ళీ రోడ్డు. మంచు జారి పడకుండా కట్టిన సిమెంటు గేలరీలలో పగలే చీకటి, కింద గాజు వంటి మంచుగడ్డ. మా ముందు తాష్‌మురాద్ లారీ. దాని వెనక ఎర్రని మెరుపు. నేను ఈ లారీలన్నిటిని ఏ నోటితో “పోండి” అన్నానో ఆ నోరు మూతపడింది. ఇన్నేళ్ళు ఈ మనుషులకు నేను పేర్లు పిలిచాను. వారు నా మాట విని ఇక్కడికి వచ్చి, ఇది దాటి, తిరిగి వచ్చి, సబ్బు నురుగుతో నాతో వేళాకోళమాడారు. వారిని చూస్తే ఎంత గర్వం కలిగిందో, ఆ గర్వానికి నేను అర్హుడనో కాదో ఈ రోజుకు తేల్చలేను.

ఒక మలుపులో లాలా మామూలుగా అడిగాడు.

“కుడి పక్క గోడ ఎంత దూరముంది?”

“నీకు కనపడటం లేదా లాలా?”

“అడిగింది చెప్పరా.”

“ఒక మనిషి పడుకునేంత.”

“చాలు.” చక్రం తిప్పాడు. “ముందున్నది కనపడుతుంది. పక్కలు పోయినయి. గొట్టంలోంచి చూసినట్టు. కంటి వెనక నరం ఎండిపోయిందన్నాడు మజార్ డాక్టరు. మందు లేదంట, కోత లేదంట.”

“ఎప్పుడు వెళ్ళావు?”

“నౌరోజ్ పండగ తర్వాత.”

“నాతో చెప్పలేదు.”

“నువ్వు స్తంభానికి ఎర్రరంగు వేయించావు. నాతో చెప్పావా?”

మరొక మలుపు వచ్చింది. వెనక నుండి ఖైరుల్లా హారను ఒక మారు మోగింది. లాలా ఎడమకు జరిగాడు.

“వీళ్ళు నాకు తెలీదనుకుంటున్నారు,” అన్నాడు. “అనుకోనీ. మంచి పిల్లలు.”

“దిగిపోవచ్చు కదా లాలా.”

“ఎట్లా దిగాలి? నువ్వన్నీ రాసిపెట్టుకుంటావు కదా, చెప్పు. హైరతాన్‌లో బతికుండగా దిగినోణ్ణి ఒక్కణ్ణి చూపించు. పోయినోడు దిగాడు. కాలు తెగినోడు దిగాడు. నాకు కాళ్ళు రెండూ ఉన్నయి.”

వెదికాను. నాకు ఒక్క పేరూ తట్టలేదు.

“ఆ బస్సు సంగతి ఖైరుల్లా చెప్పాడు,” అన్నాను.

లాలా చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. “దాంట్లో ఒకామె కిటికీలోంచి నన్ను చూసింది. ఆమె మొహం నాకు కనపడింది. ఎందుకంటే సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి. ఇంకో అడుగు వేసుంటే...” అని గేరు మార్చాడు. ఆ మలుపు దాటాక, “దించాలంటే దించు. నా పేరు దాటేసి మాత్రం దించకు. అంతే అడుగుతున్నా,” అన్నాడు.

“మరి ఎట్లా?”

అప్పటికే సాలంగ్ సొరంగం వచ్చింది.

లోపల పొగ. ఎర్రగుడ్డ లైటు కాస్త దూరం కనపడి, ఆరిపోయినట్లుగా పొగలో కలిసిపోయింది. పైనుండి మంచుకడ్డీలు అద్దం మీద పడుతున్నాయి. లాలా వేగం తగ్గించలేదు. తగ్గిస్తే వెనకవారు గుద్దుతారు. “చెప్పు,” అన్నాడు. నేను చెప్పాను. ఎడమకు. ఇంకొంచెం. చాలు. కుడి పక్క మనిషి నడుస్తున్నాడు. దాటాము. గుంట. ఎదురుగా రెండు లైట్లు, పెద్ద లారీ, కుడికి, కుడికి, చాలు. సొరంగం ఉన్నంతసేపూ మెట్టు మీద పిలిచినట్లే గట్టిగా పిలిచాను.

అవతలి వైపు ఎండ కాస్తున్నది.

“మంచి గొంతురా నీది,” అన్నాడు లాలా. “ఆ మైకు ఎందుకు వద్దన్నావో ఇప్పుడు తెలిసింది.”

అప్పుడు చూసుకుంటే నా రెండు చేతులూ డాష్‌బోర్డును పట్టుకొని వదలడం లేదు. ఇది చలి వలన జరిగినది.

కాబూల్‌లో పెట్టె తెరిచి, గాజు పలకలను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశారు. ఒక్కటీ పగలలేదు. గీత కూడా లేదు. సరుకు దించుకునే ముసలాయన తన అరచేతితో లారీ తలుపు మీద తట్టి, “ఇది ఉస్తాద్ పని,” అన్నాడు. లాలా అటు వైపు తల తిప్పి వెదికి, ఆయన ఎక్కడ ఉన్నాడో ఎదురుగా చూసుకొని, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.


జదీ 18

తిరిగి వచ్చాము. నేను దారి పొడుగునా పిలుస్తూనే ఉన్నాను. గొంతు పోయింది. వదిన శలగం దుంప ముక్కల చారు పంపింది.

గోడ మీది నా కొండ పటాన్ని తీసివేశాను. ఎలుకలు కొట్టినవి గనుక.


జదీ 20

సాలంగ్ మూసివేశారు. మంచు జారి ఉత్తరపు గేలరీ నోరు పూడిపోయిందట. లారీలన్నీ యార్డులోనే. రెండు రైళ్ళ కంటెయినర్లు పేరుకున్నాయి. వీటిలో గాజు మూడు పెట్టెలు. దారి తెరిచిన రోజున మొదటి పేరు లాలాది.

లాలాతో చెప్పవలసిన మాటలు:

ఒకటి,


జదీ 21

ఒకటవది ఇంకా రాయలేదు.

లాలా ఈ రోజు లారీ కడిగాడు. ఈ చలిలో లారీ కడగడం ఎవరూ చేయరు; నీరు గడ్డకడుతుంది. బకెట్టు వేడినీళ్ళు, గుడ్డ. తలుపు మీద గీసిన నెమళ్ళకు రంగు పోయిన చోట చేత్తో తడిమి చూశాడు. గొలుసులను నూనెతో తుడిచి, చుట్టలుగా చుట్టి, నేను పిలిచే మెట్టు దగ్గర పెట్టాడు. తాష్‌మురాద్ దూరం నుండి చూస్తూ, “ఉస్తాద్, పెళ్ళి చూపులకా?” అని అడిగాడు.

“అవునురా. నిన్ను చూసి పెళ్ళికూతురు పారిపోయిందంట, నేనన్నా పోయి సర్దిచెప్పాలని.”

ఇద్దరూ నవ్వారు. తాష్‌మురాద్ నవ్వు ముందు ఆగింది, లాలాది తరువాత.

దారి తెరిచే రోజున బస్సులు కూడా బయలుదేరుతాయి.


జదీ 23

దారి తెరిచారు. కబురు తెల్లవారక ముందే వచ్చింది. పిలుపు వేళకు ఎండ యార్డు సగం వరకు వచ్చింది. ఇంతమంది డ్రైవర్లను ఒకేసారి ఈ యార్డులో నేను ఎన్నడూ చూడలేదు. అందరి ఇంజన్లూ వేడెక్కుతున్నాయి.

ఎట్లా చేయాలో నేను తేల్చుకోలేదు. ఇది నిజం. మెట్టు ఎక్కే వరకు కూడా తేల్చుకోలేదు. ఒకటే తేల్చుకున్నాను: పేరు దాటకూడదు. పిలుస్తాను. ఆయన పలుకుతాడు. పలికితే నేను మెట్టు దిగి ఆయన పక్కన ఎక్కి కూర్చొని మళ్ళీ గొంతు పోయేవరకు పిలుస్తాను. ప్రతి వారమూ అదే చేస్తాను. అంతకు మించి నాకు దారి తోచలేదు.

“హైదర్‌కుల్!”

లాలా తన లారీ ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంజను మూత మీద. సరిగ్గా నా వైపే చూస్తున్నాడు. నన్ను చూడవలెనంటే అట్లాగే చూడాలి. పెదవులు కదలలేదు.

ఆయన మొదటి పిలుపుకే పలికే మనిషి. వినపడలేదేమోనని ఒకరిద్దరు తిరిగి చూశారు. ఎవరో ఇంజను ఆపారు. పక్కవాడు కూడా ఆపాడు. ఒక్కొక్కటిగా యార్డులోని ఇంజన్లన్నీ ఆగిపోయాయి.

“హైదర్‌కుల్!”

నా అన్న పలకలేదు. తల కొద్దిగా, నాకు మాత్రమే తెలిసేంతగా, ఆడించాడు. కానివ్వు అన్నట్లు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన దిగే దారి ఆయనే కనిపెట్టుకున్నాడు: పేరు దాటించుకోకుండా, మూడు మార్లూ అందరి ఎదుటా పిలిపించుకొని, పలకకుండా లారీని వదిలేయడం. దానికి ఒక గొంతు కావాలి. అది నాది.

మూడవసారి నేను పిలవకపోతే ఆయన దిగలేడు. పిలిస్తే ఆ పేరును ఈ మెట్టు మీద నుండి మళ్ళీ పిలవడం ఉండదు.

“హైదర్‌కుల్!”

ఇంత గట్టిగా నేను ఏ పేరునూ పిలవలేదు. నది దాకా వినిపించి ఉంటుంది. తాష్‌మురాద్ టోపీ తీశాడు. అతనిని చూసి తక్కినవారు తీశారు. ముసలి డ్రైవర్లు కొందరు, లాలాతో పాటు తోలడం మొదలుపెట్టినవారు, లాలాను కాక నేలను చూస్తున్నారు. బతికుండగా దిగవచ్చునన్న సంగతి వారికి అప్పుడే తెలిసినట్లున్నది.

వరుస ప్రకారం తరువాతి పేరు పిలిచాను.

“ఖైరుల్లా!”

“ఉన్నా.” మొదటిసారికే.

గాజు ఖైరుల్లాకు పోయింది. తక్కిన పేర్లన్నీ వరుసగా పిలిచాను. ఒక్క కంటెయినరూ తప్పలేదు. లారీలు కదిలినప్పుడు ఒక్కొక్కరూ లాలా ముందు నుండి, సరిగ్గా ఎదురుగా, మెల్లగా పోనిచ్చారు. దగ్గరి దారి అది కాదు. యార్డు చుట్టి రావాలి. నేను అడ్డు చెప్పలేదు; ఆ వరుస నాది కాదు.

అందరూ పోయిన తరువాత లాలా గోడ పట్టుకొని మెట్టు దగ్గరకు వచ్చాడు.

“రెండోసారి నీ గొంతు వణికింది.”

“లేదు లాలా.”

“వణికింది. యార్డంతా విన్నది, అడుగు.”

“లేదంటున్నాను కదా.”

“సరేలే. ఆకలేస్తోంది. మీ వదిన మంటూ కుడుములు చేస్తానంది, రా. నడిచేటప్పుడు నా ఎడమ పక్క నడువు. ఒంటెలు వస్తాయి.”

ఆయన ఎడమ పక్క నడిచాను. ఒంటెలు రాలేదు. ఒక సైకిలు వచ్చింది, చెప్పాను.


జదీ 26

రైలు వేళకు వచ్చింది. గాలి తగ్గింది. కల్దార్ దగ్గర దారి తేటగా ఉన్నది. సాలంగ్ తెరిచే ఉన్నది. వెళ్ళినవారందరూ దాటారు, తిరిగి వస్తున్నారు; ఈసారి మజార్ సరుకే పడిన తాష్‌మురాద్ మాత్రం అప్పుడే వచ్చేశాడు. ఖైరుల్లా గాజు పగలలేదని కాబూల్ నుండి కబురు.

తాష్‌మురాద్‌ను, కాకా మజీద్‌ను విడివిడిగా అడిగాను. కాకా మజీద్ ఆ రోజు ఇక్కడ లేడు, అయినా ఫోనులో అడిగాను. ఖింజాన్ దాకా కథ చేరే ఉంటుంది. వణకలేదనే ఇద్దరూ చెప్పారు. చెప్పేటప్పుడు తాష్‌మురాద్ నా మొహం వైపు చూడలేదు.

వణకలేదు.